ఆ నంబరు మీద తీసేసుకున్నారు

"నారే రానంటోందంటే ఏదో ఉందండీ. ఒంట్లో బాగాలేదో, ఆ ఇంట్లో ఎవరైనా ఏమైనా అన్నారో. నాకైతే గుండెల్లో రాయి పడ్డట్టుంది."

యొన్‌సిల్ ముల్లంగి చెక్కు తీస్తూ అంది. భర్త దల్సు నేల మీద కూర్చుని మేజోళ్ళు తొడుక్కుంటున్నాడు. జేచన్ ఊళ్ళో టౌను బస్సు నడుపుతాడాయన. అరగంటలో డిపోలో ఉండాలి.

"శనివారం ట్రైనింగుందని చెప్పింది కదే."

"పళ్ళాసుపత్రిలో పనిచేసే పిల్లకి ట్రైనింగేమిటండీ? అదీ చోంగ్జు దాకా వెళ్ళి? మనుషులకి కొత్త రకం పళ్ళేమైనా మొలుస్తున్నాయా?"

"మొలుస్తున్నాయేమో. నా బస్సెక్కే ముసలాళ్ళ నోళ్ళు తెరిపించి చూసొస్తా."

ఆమె నవ్వలేదు. నవంబరు చివరి శనివారం అంటే వాళ్ళింట్లో కిమ్చి, అంటే క్యాబేజీ ఊరగాయ, పెట్టే రోజు. చలికాలమంతటికీ, రెండిళ్ళకీ సరిపోయేలా ఆ ఒక్కరోజే పెట్టాలి. పెళ్ళయి రైలుపట్టాలకు అవతల కాపురం పెట్టినా నారే ఆ రోజుకి రాకుండా ఉన్నది లేదు. ఈసారి రానన్నది సరే. "మాకు కొంచెమే చాల్లేమ్మా ఈ ఏడు" అని కూడా అంది. ఆ 'కొంచెమే' యొన్‌సిల్‌కి గొంతులో ముల్లులా దిగింది. అల్లుడొక్కడే వారానికి ఓ డబ్బా ఖాళీ చేస్తాడు. కొంచెం చాలంటే మిగతాది ఎక్కణ్ణుంచి వస్తున్నట్టు?

"మీ వియ్యపురాలు ఏమైనా కొనిపెడుతోందేమో," అని దల్సు అననే అన్నాడు. అని, తప్పు మాట జారిందనుకున్నాడేమో, రెండో మేజోడు తొడక్కుండానే చెప్పుల దగ్గరికి నడిచాడు.

ఆ మధ్యాహ్నం కూడలి దగ్గర మార్ట్‌కి వెళ్ళింది యొన్‌సిల్. ఉప్పులో ఊరిన క్యాబేజీ పెట్టెలు తలుపు దగ్గరే నడుమెత్తు పేర్చి ఉన్నాయి. వాటి మీద పసుపుపచ్చ కాగితం వేలాడుతోంది: సభ్యులకు సగం ధర. జనం మూగి ఉన్నారు. పెట్టె మూతలు కొంచెం లేపి, ఆకుల అంచులు వేళ్ళతో నలిపి చూస్తున్నారు. ఆమె కూడా నలిపి చూసింది. ఉప్పు సరిగ్గా పట్టింది, ఆకు వంగుతోంది గానీ విరగడం లేదు. ముందు రెండు పెట్టెలు తీసుకుంటే మిగతా రెండూ రేపు ఆయన్ని పంపి తెప్పించుకోవచ్చని లెక్క.

కౌంటరు దగ్గర అమ్మాయి తల ఎత్తకుండానే, "నంబరు?" అంది.

యొన్‌సిల్ కూతురి ఫోన్ నంబరు చెప్పింది. ఎప్పుడూ అదే చెబుతుంది. పాయింట్లు పిల్ల పేరు మీద పడితే పిల్లకి పనికొస్తాయని. ఆ ఊళ్ళో తల్లులందరూ చేసే పనే. కొందరైతే కొడుకు నంబరు చెబుతూ అందులో ఓ అంకె మరిచిపోయి, కౌంటరు దగ్గర్నుంచే వాడికి ఫోన్ చేసి అడుగుతారు.

మిషను కుయ్యిమంది. అమ్మాయి పెట్టెలు పక్కకి జరిపింది. "మామూలు ధరేనండి."

"అదేంటమ్మాయీ? సగం ధరని పైన అంత పెద్ద కాగితం కట్టారు."

"ఒక నంబరుకి ఒకసారేనండి. కింద రాసుంది. మీరు పొద్దున తీసేసుకున్నారు."

"నేనా? పొద్దుట్నుంచీ నేను కుట్టుమిషను ముందు నుంచి లేవలేదు."

"ఆ నంబరు మీద తీసేసుకున్నారండి. నాలుగు పెట్టెలు." అప్పుడు తలెత్తింది అమ్మాయి. నిద్ర చాలని మొహం. అరువు తెచ్చుకున్నట్టు వదులుగా ఉన్న యూనిఫాం, దాని మీద ఉన్సొ అని పేరు. "రెండోసారి వచ్చినవాళ్ళు అందరూ ఇదే అంటారు."

వెనక వరసలో ఎవరో నవ్వారు. బీరు సీసాల డబ్బా పట్టుకున్న ఒకాయన, "పిన్నిగారూ, తేల్చండి, చేతులు పడిపోతున్నాయి," అన్నాడు.

యొన్‌సిల్‌కి చెవులు వేడెక్కాయి. రెండోసారి వచ్చిన దొంగననే కదా ఆ పిల్ల అన్నది! ఏదో గట్టిగా అనబోయింది గానీ నోట్లోంచి వచ్చింది ఒక్కటే: "మీ మిషను తప్పు." పెట్టెలు అక్కడే వదిలేసి బయటికొచ్చేసింది.

బయట గాలి కోస్తోంది. సిగ్నలు రెండుసార్లు పచ్చబడినా ఆమె దాటలేదు. మిషను తప్పు కాకపోతే? అయితే నారే పొద్దున ఇక్కడికి వచ్చినట్టు. నాలుగు పెట్టెలు! వాళ్ళిద్దరికీ నాలుగు పెట్టెలెందుకు? వాళ్ళ ఫ్రిజ్‌లో అరపెట్టె పట్టదు. నాలుగు పెట్టెల క్యాబేజీ పట్టే వంటిల్లు యొన్‌సిల్ చూసింది ఒక్కటే ఉంది: వియ్యపురాలు జొంగ్‌హ్వా ఇల్లు. అక్కడ నేల కూడా తుడిచిన గాజులా మెరుస్తుంటుంది.

'కాదు. మిషనే తప్పు. మిషన్లు తప్పు చెయ్యవా ఏం? ఆసుపత్రుల్లో మిషన్లు ఒకరి రోగం ఇంకొకరికి చూపిస్తున్నాయి, క్యాబేజీ దగ్గర చెయ్యవా?' అనుకుంటూ మూడోసారి పచ్చలైటు పడ్డాక దాటింది.

*

శుక్రవారం పొద్దున బజారులోని తన కుట్టుకొట్టులో హైస్కూలు కుర్రాడి ప్యాంటు పొడుగు తగ్గించడానికి కూర్చుంది. పాత కుట్టు విప్పేటప్పుడు సూదిమొన దారం కిందికి మాత్రమే వెళ్ళాలి. ఎంతో కాలంగా ఆ చేతికి అలవాటైన పని. కానీ చెయ్యి ఇక్కడుంది, మనసు మార్ట్‌లో ఉంది. కత్తిరించేశాక చూసుకుంటే కుడికాలు పొట్టిదయిపోయింది. మళ్ళీ మడత విప్పి, లోపల మిగిలిన గుడ్డంతా దించి, ఇస్త్రీపెట్టె ఆవిరి పట్టి పట్టి గీత మాయం చేసింది. ఎంత అద్దినా దగ్గరగా చూస్తే సన్నగా కనబడుతూనే ఉంది.

"ఇలా కాదు," అని కొట్టు తెర దించి మార్ట్‌కి బయల్దేరింది. వాళ్ళ చేతే చెప్పించాలి. మా మిషను తప్పమ్మా అని వాళ్ళంటే చాలు. అప్పుడు నారే చోంగ్జు వెళ్తోందన్నది నిజమే అవుతుంది.

ఫిర్యాదుల బల్ల దగ్గర అప్పటికే ఒకావిడ నిలబడి ఉంది. బూడిదరంగు ఉన్నికోటు, మెడలో పీచుపండు రంగు స్కార్ఫు. వెనకనుంచే గుర్తుపట్టింది యొన్‌సిల్. వియ్యపురాలే. గభాల్న టాయిలెట్ కాగితం చుట్టల కట్టలు పేర్చిన గుట్ట వెనక్కి తప్పుకుంది. ఎందుకు తప్పుకుందో ఆమెకే తెలియదు.

"గొడవేం లేదండీ," అంటోంది జొంగ్‌హ్వా. రేడియోలో వార్తలు చదివేవాళ్ళ గొంతు. "పంది మాంసం మీద చీటీలో ఒక ధర ఉంది, బిల్లులో ఇంకోటి పడింది. మీకు చెబితే మంచిది కదా అని."

మేనేజరు లోపల్నుంచి పరిగెత్తుకొచ్చాడు. నడుము దగ్గర్నుంచి వంగాడు. వంగినవాడు వెంటనే లేవలేదు కూడా. తేడా సొమ్ముతో పాటు, ధర తప్పు పడినందుకు ఇచ్చే పరిహారం కూపన్ కవరులో పెట్టి రెండు చేతులతో అందించాడు. "అయ్యో, ఇదంతా ఎందుకండీ," అంటూనే ఆవిడ కవరు తీసుకుని సంచీలో వేసుకుంది.

ఎవరి మీదా గొంతెత్తకుండా అన్నీ సాధించుకునే మనుషులు కొందరుంటారు. అడగకముందే కుర్చీ వేస్తారు వాళ్ళకి. తాను నిన్న నిలబడింది ఇదే మార్ట్‌లో. చెప్పింది ఇదే మాట. తనకి దొరికింది వెనక వరస నవ్వు.

అప్పుడు కళ్ళు ఆవిడ తోపుడుబండి మీద పడ్డాయి. ఉడకబెట్టడానికి పనికొచ్చే పెద్ద మాంసం ముక్క. దాని పక్కన సంచీడు పచ్చి ఆల్చిప్ప మాంసం. ఈ రెండూ కలిపి ఏ ఇల్లాలూ ఊరికే కొనదు. కిమ్చి పెట్టినరోజు పని అయ్యాక, అప్పుడే కలిపిన కారంలో నంజుకుని అందరూ కూర్చుని తినే తిండి అది.

గుట్ట మీది కట్ట ఒకటి జారి కింద పడింది.

"వదినగారూ!" జొంగ్‌హ్వా వెనక్కి తిరిగింది. చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళింది. స్కార్ఫు తీసి, ఉక్కగా ఉందన్నట్టు విదిల్చి, బండి మీద పరిచింది. సరిగ్గా మాంసం మీద పడేలా. "ఎంత కాలమయింది మిమ్మల్ని చూసి! కిమ్చి పెట్టేశారా?"

"రేపు పెడతామండీ. మీరో?"

"మేమా? మాకెక్కడ వచ్చండీ, కొట్లో కొనుక్కునేవాళ్ళం. ఆదివారం చుట్టాలొస్తున్నారని ఏవో..." బండిని చూడకుండా బండి వైపు చెయ్యి ఊపింది.

"రేపు మా నారే ఉండదు. చోంగ్జు వెళ్తోందిట."

జొంగ్‌హ్వా ఒక రెప్పపాటు ఆలస్యం చేసింది. ఆ రెప్పపాటే చాలు. "అవునవును, చోంగ్జు. మా నారేకి ఊపిరాడని పని, పాపం."

మా నారే. ఎంత సులువుగా అంది! అన్నప్రాసన నాటినుంచీ తానే పెంచినట్టు. యొన్‌సిల్ పళ్ళు బిగించి నవ్వింది. ఆవిడ బండి తోసుకుని తలుపు దాటేదాకా ఆ నవ్వు అలాగే పట్టుకుని నిలబడింది. తర్వాత బల్ల దగ్గరికి వెళ్ళింది.

"మీ మిషను నన్ను దొంగని చేసింది," అంది. తాను అరుస్తున్నట్టు రెండో మాటకి తెలిసింది, మూడో మాటకి ఆపుకోవడం చేతకాలేదు. "ఆ నంబరు మీద ఎవ్వరూ తీసుకోలేదు. తీసుకోవలసిన మనిషి రేపు ఊళ్ళోనే ఉండదు. తప్పని ఒప్పుకోండి!"

"అమ్మగారూ, నిబంధన కింద రాసే ఉంది..."

"కిందదంతా నాకెందుకు? ఇందాక ఆవిడకి వంగిన నడుము నాకెందుకు వంగదయ్యా? నా కోటు పాతదనా? నగర కార్యాలయానికి వెళ్తాను. వినియోగదారుల సంఘానికి ఫోన్ చేస్తాను. ఆ కౌంటరు పిల్ల పేరు కూడా తెలుసు నాకు. ఉన్సొ!"

ఆ పేరు పెద్దగా పలికేసరికి మూడో కౌంటరు దగ్గర బీప్ బీప్ శబ్దం ఒక్కసారి ఆగింది. మళ్ళీ మొదలైంది. మేనేజరు చేతులు పొట్ట మీద కట్టుకుని, పరిశీలించి రేపు చెబుతామన్నాడు.

రాత్రి దల్సు అంతా విని, "క్యాబేజీలు బజార్లో కూడా దొరుకుతాయే," అన్నాడు.

"నాకు క్యాబేజీల గొడవ కాదు."

"తెలుసు," అన్నాడాయన. సూపు గిన్నెలో అన్నం వేసుకుని తిన్నాడు.

*

శనివారం పొద్దున ఫోన్ మోగింది. మేనేజరు. పరిశీలించామనీ, పొరపాటు తమదేననీ, ఒక్కసారి వస్తే స్వయంగా క్షమాపణ చెప్పుకుంటామనీ అన్నాడు.

"విన్నారా?" యొన్‌సిల్ ఫోన్ చేత్తో మూసి భర్తతో అంది. కళ్ళు మెరుస్తున్నాయి. "మిషన్ తప్పేనట! నేను చెప్పలేదూ? పాపం, పిల్లని ఎన్ని అనుకున్నాను! మాంసం చుట్టాలకే అయ్యుంటుంది. జనం ఆదివారాల్లో మాంసం తినరా ఏం?"

దల్సు సెలవురోజు గడ్డం గీసుకుంటున్నాడు. అద్దంలోంచి ఆమెను ఓసారి చూసి రెండో చెంప గీసుకున్నాడు.

ఆమె మంచి కోటు వేసుకుంది. పెదాలకి రంగు రాసుకుంది. దారిలో మూడు రోజులుగా బరువెక్కిన కాళ్ళు తేలికపడ్డాయి. చోంగ్జులో చలెలా ఉందో, పిల్ల మఫ్లరు తీసుకెళ్ళిందో లేదో అని ఎప్పటి భయాలు మళ్ళీ మొదలయ్యాయి. ఆ భయాలు హాయిగా ఉన్నాయి కూడా, సొంతింటికి వచ్చినట్టు.

ఫిర్యాదుల బల్ల ముందు మేనేజరు వంగాడు. నిన్న జొంగ్‌హ్వాకి వంగినంతా వంగాడు. కవరు రెండు చేతులతో అందించాడు. తర్వాత పక్కకి జరిగి, "ఊఁ," అన్నాడు.

వెనకనున్న ఉన్సొ ముందుకొచ్చింది. పొట్ట మీద చేతులు కట్టుకుని తల దాదాపు మోకాళ్ళ దాకా దించింది. "నా వల్లే పొరపాటు జరిగింది. ఇంకెప్పుడూ ఇలా జరగదు. దయచేసి క్షమించండి." అప్పగించిన పాఠం. తల వెంట్రుకలు ముందుకి పడి మొహం కనబడలేదు. మెడ వెనక ఎముక మాత్రం కనబడుతోంది. బండ్లు తోసుకుంటూ పోయేవాళ్ళు ఒక్క క్షణం ఆగి చూసి పోతున్నారు.

యొన్‌సిల్ అనుకున్నంత తీపిగా లేదది. "ఇంతకీ తప్పేం జరిగిందయ్యా?" అని అడిగింది.

"తప్పు మాదేనండి."

"అది కాదు. ఏం జరిగింది? వేరేవాళ్ళ నంబరు నా నంబరు మీద ఎక్కిందా? మిషనులో ఏం కనబడింది?"

"అంటే... అమ్మగారికి ఇబ్బంది కలిగింది కదా. అందుకని పూర్తిగా మాదే..."

"అసలు చూశారా మీరు?"

మేనేజరు నవ్వుమొహం అలాగే ఉంచాడు. చూడలేదు. ఆమె నోరు మూయించడానికి ఏది చాలో అది ఇచ్చాడు, చిల్లర ఇచ్చినట్టు. యొన్‌సిల్ చేతిలో కవరు ఉంది. ఇంటికి పట్టుకుపోవచ్చు. మిషన్ తప్పన్నారని ఆయనకి చెప్పవచ్చు, తనకి తాను చెప్పుకోవచ్చు. అమ్మాయి ఇంకా వంగే ఉంది. ఎంతసేపు వంగుంటుందో, నడుం పట్టేస్తే ఏమిటి గతి?

"లేమ్మా, లే. ముందు లే." చెయ్యి పట్టి లేపింది. "నిజం చెప్పు. గురువారం పొద్దున ఆ నంబరు ఎవరు చెప్పారు?"

ఉన్సొ మేనేజరు వంక చూసింది.

"అటు చూడకు. నన్ను చూడు."

"పొట్టి జుట్టావిడండి," అంది ఉన్సొ మెల్లగా. "పళ్ళాసుపత్రి యూనిఫాం మీద చలికోటు వేసుకుంది. పక్కన ఒక పెద్దావిడ, పీచురంగు స్కార్ఫు. నాలుగు పెట్టెలు ఇద్దరూ కలిసి మోశారు. పొట్టి జుట్టావిడ ఒక పెట్టె జారిపోతే తెగ నవ్వింది." కొంచెం ఆగి, "నాకు గుర్తుందండి. ఆ పొద్దున నన్ను చూసి నవ్వింది ఆవిడొక్కతే," అంది.

పక్కన ఎవరి పిల్లో చాక్లెట్టు కోసం ఏడుస్తోంది. యొన్‌సిల్ కవరు బల్ల మీద పెట్టింది.

"మేనేజరుగారూ, మిషను తప్పు లేదు. ఈ పిల్ల తప్పూ లేదు. తీసుకున్నది మా అమ్మాయే." అక్కడితో ఆపొచ్చు. ఆపలేదు. మూడు రోజులుగా నాలుక కింద దాచుకున్నది బయటపడాలి. "వాళ్ళ అత్తగారింట్లో కిమ్చి పెట్టుకుంటున్నారు. నాకు చెప్పలేదు, అంతే."

ఆ మాట అంత గట్టిగా అనవలసిన పని లేదేమో. బీరు సీసాలాయన ఇవాళ గుడ్ల అట్టతో నిలబడి ఉన్నాడు. నేల చూపులు చూశాడు.

మేనేజరు వెంటనే మళ్ళీ ఆమెకే వంగాడు. "అయినా సరే, అమ్మగారికి కలిగిన..."

"నాకెందుకయ్యా? అటు వంగు." ఉన్సొ వైపు గడ్డంతో చూపించింది.

అతను వంగలేదు. తల కొంచెం కదిపాడు. గొంతు సవరించుకుని కవరు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

"నేను వెళ్ళాక నిన్నేమైనా అంటాడా?" అని అడిగింది యొన్‌సిల్ భయంగా.

"అంటాడండి. రోజూ అనేదే." ఉన్సొ వెంట్రుకలు చెవి వెనక్కి తోసుకుంది. "అయినా ఆ రోజు నేనూ అలా అనకుండా ఉండాల్సింది, అందరూ ఇదే అంటారని. అప్పటికే పొద్దుట్నుంచీ ఆ క్యాబేజీ కాగితం గురించి తిట్లు తింటూ ఉన్నానండి."

"నేను మాత్రం తక్కువ తిట్టానా? పేరు పెట్టి మరీ అరిచాను."

"మీకు క్యాబేజీలు కావాలి కదా? మీ సొంత నంబరు చెప్పండి. మీ పేరు మీద సభ్యత్వం చేసేస్తాను."

"నా నంబరా?" తన నంబరు చెప్పడానికి ఆమె సంచీలోంచి ఫోన్ తీసి చూసుకోవలసి వచ్చింది.

*

దల్సు బస్సు డ్రైవరు బలంతో పెట్టెలన్నీ వంటింట్లో దించాడు. యొన్‌సిల్ కోటు విప్పకుండానే వాటి పక్కన కూర్చుని కూతురికి ఫోన్ చేసింది.

"అమ్మా, ట్రైనింగులో ఉన్నా," గుసగుసగా అంది నారే.

"వినబడుతోంది. ట్రైనింగులో వెల్లుల్లి దంచుతున్నారు."

అటువైపు రోటి చప్పుడు ఆగిపోయింది. తలుపు మూసిన శబ్దం. చలిగాలిలోకి వచ్చినట్టు నారే ఊపిరి వినబడింది. "ఎవరు చెప్పారు?"

"ఎవరు చెబితే ఏం? నేను చచ్చిపోయానా? ఆవిడ అడిగితే వెళ్ళొద్దంటానా? ఇంత బతుకూ బతికి నీ చేత అబద్ధం చెప్పించుకోవాలా? ఆవిడింట్లో ఏముంది? నేనెంత బాగా పెడతాను, పేటంతా అడిగి పట్టుకుపోతారు. ఆవిడకి ఉప్పెంతో కారమెంతో తెలుసా అసలు?"

"తెలీదమ్మా."

"మరి?"

"నాకూ తెలీదు. ఇద్దరం ఫోన్‌లో వీడియో చూసి చేస్తున్నాం. మొదటి గిన్నె పాడు చేశాం. ఆవిడ కోటుకి కారం అంటింది. నీకు చెబితే పరిగెత్తుకొచ్చి మొత్తం నువ్వే చేసేస్తావని చెప్పొద్దన్నాను. ఆవిడకి అబద్ధం చెప్పడం కూడా రాదు, నిన్నటినుంచీ భయపడి చస్తోంది."

"నేర్చుకోవాలంటే నా దగ్గర నేర్చుకోవచ్చుగా!"

"నీ దగ్గరా?" నారే నవ్వింది. నవ్వు మధ్యలో విరిగింది. "ముప్ఫై మూడేళ్ళొచ్చాయి నాకు. నీ ఇంట్లో ఒక్క ఆకుకి కారం రాయనిచ్చావా? ముట్టుకుంటే చేతులు మండుతాయంటావు, కత్తి పడితే వేలు తెగుతుందంటావు, కూర్చుంటే నడుం పోతుందంటావు. నోరు తెరవమంటావు, ముద్ద పెడతావు. అంతే. ఇక్కడ ఆవిడ కత్తి నా చేతికిచ్చి, నువ్వు కొయ్యి, నాకు భయం అంది. అమ్మా, నేను కోశాను. ముల్లంగి మొత్తం నేనే కోశాను."

యొన్‌సిల్ ఎదురుగా ఉన్న పెట్టె మూతని చూస్తోంది.

"రేపు వస్తా," అంది నారే. "కానీ తినడానికి రాను. నీ పక్కన కూర్చోబెట్టి కారం కలపనిస్తావా? లేకపోతే రాను. నిజంగా అడుగుతున్నా."

యొన్‌సిల్‌కి కంట్లోకి చిందే కారం కనబడింది, ముల్లంగి మీద జారే కత్తి కనబడింది, ఉప్పునీళ్ళ తడి నేల మీద జారే కాలు కనబడింది. వీటన్నిటి వెనకాల, గాజులాంటి నేల మీద ఎవరి చేతుల మధ్యనో నవ్వుతూ కూర్చున్న తన పిల్ల కనబడింది. దల్సు ఒక పెట్టె మీద కూర్చుని ఆమె వంకే చూస్తున్నాడు. ఫోన్‌లో గాలి శబ్దం. వీధిలో కూరగాయల లారీ మైకులో అరుచుకుంటూ వచ్చింది, ఇంటి ముందు కాసేపు ఆగింది, మలుపు తిరిగి దూరమైపోయింది.

"అమ్మా? ఉన్నావా?"

కోటు గుండీ ఒకటి విప్పింది. ఇంకోటి విప్పింది.

"రా," అంది యొన్‌సిల్. "ఆవిడ నీ చేతులకి గ్లౌజులు ఒక జతే ఇచ్చుంటుంది. నేను రెండు జతలు వేస్తాను, ఒకదాని మీద ఒకటి."